ఉలి పట్టిన హనుమక్క

వై.ఎన్.హొసకోటలో లక్ష్మక్క ఇంటి ముందు జరిగిన ఆ తగాదా నేను కళ్ళారా చూశాను. తిరగలి అరిగి నున్నబడితే ఉలితో దానిమీద గంట్లు పెట్టాలి. దాన్నే కక్కు కొట్టడం అంటారు. మా ఊరు క్యాతగానచెర్లు హనుమక్కకు అదే బతుకు. ఆమె కక్కు కొట్టిపోయాక పిండిలో ఇసుక వస్తోందని లక్ష్మక్క వీధంతా వినేలా తిట్టింది. హనుమక్క గొంతు పెంచలేదు. మొదటి వాయి పిండి ఏం చేశావని మాత్రం అడిగింది. సంగటి చేసుకున్నామంది లక్ష్మక్క.

"అది గొడ్లకు పెట్టల్ల. గొడ్ల కూడు నువ్వు తిని, రాయిని తిడతావేందమ్మా?"

వీధి నవ్వింది. లక్ష్మక్క తలుపేసుకుంది.

ఆ రోజుల్లో ఉలి టకటక వినబడితే చాలు, ఆడవాళ్ళం తిరగళ్ళు బయటికి దొర్లించేవాళ్ళం. రాతిపొడి ఆమె కనుబొమల మీద తెల్లగా పేరుకునేది. తర్వాత మిక్సీలు వచ్చాయి. ఆమె చేను సోలారు పలకల కిందికి పోయింది. పిలిచేవాళ్ళు లేరు. చచ్చేలోపల ఇంకొక్క రాయి కొట్టాలని ఉలికి నూనె రాసుకుంటూ కూర్చునేది. నేను విసుక్కునేదాన్ని. మా తిరగలిని అప్పటికే పగలగొట్టి రోడ్డు కంకరలో కలిపేశాం మరి.

పోయినేడు మా చిరుధాన్యాల సంఘాన్ని ఒక సభకని మెక్సికోకు పిలిచారు. సంఘంలో ఇంగ్లీషు తెలిసిన భూమిక నన్నూ హనుమక్కనూ తీసుకుపోయింది. ఇంట్లో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని హనుమక్క ఉలినీ సుత్తినీ చీరల మధ్య చుట్టి పెట్టెలో వేసుకుంది.

ఒకరోజు బస్సులో ఊరు మారుతుంటే దారిలో మాయా వాళ్ళ పాత ఊరు చూపించారు. మెట్లుమెట్లుగా పేర్చిన రాతిగుడి, చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. మాయా అంటే మాయమైన జనమనుకుంది హనుమక్క. ఇంత రాతిపని తెలిసినవాళ్ళు యాడికి పోయినారో అని గుడి చుట్టూ తిరిగినంతసేపూ నొచ్చుకుంది. నేనూ అట్లే అనుకున్నాను గానీ బయటపడలేదు.

గేటు బయట ఒక ముసలామె వాలుగా ఉన్న రాతిమీద నానబెట్టిన మొక్కజొన్న నూరుతోంది. ఆమె కూడా మాయా మనిషేనని, ఆ జనం ఇప్పటికీ లక్షల్లో ఉన్నారని భూమిక చెప్పింది. హనుమక్క ఆగిపోయింది.

"మాయం కాలేదే! ఈడే ఉండాది కదే!"

పక్కన చతికిలబడి రాయిని బొటనవేలితో తడిమింది. నున్నగా ఉంది. దీనికి కక్కు ఎవరు కొడతారని భూమిక చేత, అక్కడి గైడు చేత అడిగించింది. కొట్టే మనిషి రెండేళ్ళుగా రావడం లేదట. హనుమక్క లేచి బస్సులో ఉన్న పెట్టె తెరిచింది. ఉలి చూడగానే ముసలామె నవ్వి, పిండి ఊడ్చేసి రాయిని ఇటు జరిపింది.

మూడు పొట్టికాళ్ళ రాయి అది, తాకితే ఊగుతోంది. హనుమక్క చేయి అంతకంటే ఎక్కువ వణుకుతోంది. నా వైపు తిరక్కుండానే అంది:

"అంజనమ్మా, నా చేతికల్లా చూడాకు. రాయి కదలకుండా గట్టిగా పట్టుకో."