చేతుల పాట

మొన్న మా వీధిలో నీళ్ళ పైపు కోసం గుంట తవ్వారు. ముందురోజు వాన పడింది. గడ్డపార మొరంలో దిగినప్పుడల్లా ఠంగుమనే చప్పుడు, దాని వెంటే తడిసిన ఎర్రమట్టి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చాయి. బీదరు నేల అట్లాంటిది. పైన జానెడు మట్టి, కింద అంతా ఎర్రరాయి. ఇక్కడ సమాధి తవ్వాలంటే ఇద్దరు బలమైన మనుషులకు పూట పడుతుంది. తవ్వకం ఆగాక జకరయ్య గారి గొంతు లేవాలి. నా చెవులు పాత అలవాటుకొద్దీ ఎదురుచూశాయి. గడ్డపార ఆగింది. ఏ గొంతూ లేవలేదు.

జకరయ్య గారు లూథరన్ బోధకుడు, గుంటూరు వైపు మనిషి. భార్య కరుణమ్మ గారికి బీదరులో నర్సు ఉద్యోగం దొరికితే ఆమె వెంట వచ్చాడు. ఇక్కడ క్రైస్తవులకు కొదవ లేదు గాని, లూథరన్లంటే ఆయనా ఆమే. రెండో వానాకాలంలో ఆమె జ్వరంతో పోయింది. అన్నదమ్ములు తిరిగి రమ్మని కబురు పెట్టినా ఆయన కదల్లేదు. క్రైస్తవుల పెద్ద గుడివారు ఆదివారం మధ్యాహ్నాలు ఒక బడి గది ఇస్తే, మావంటి కొన్ని తెలుగు కుటుంబాలకు అందులో వాక్యం చెప్పేవాడు. అప్పటికి బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. బడిలోకీ సర్కారు కచేరీలోకీ కన్నడం వచ్చింది. మెల్లగా మావాళ్ళు ఒక్కొక్కరే పెద్ద గుడిలో కన్నడ ప్రార్థనకు పోసాగారు. ఆయన మాత్రం ఖాళీ బెంచీల ముందు కూడా గొంతు తగ్గించకుండా బోధించేవాడు.

భార్యను పాతిపెట్టిన రోజున, గుంట పక్కనే నిలబడి ఆయన ఒక కీర్తన కట్టాడు.

తలుపు తీయుము తండ్రీ, నీ బిడ్డ వచ్చెను
అలసి వచ్చిన చేతులు నీవు పట్టుము

దానికి ఆమె కోసం ఒకే చరణం.

పరుల గాయము కడిగిన చల్లని చేతులు
మరచి తన నొప్పి నిన్నే తలచిన చేతులు

ఆ తరువాత మాలో ఎవరు పోయినా ఆ పాటకు ఒక చరణం చేరేది. ఆయన చావింటికి వచ్చి అడిగేది ఒక్కటే: ఆ చేతులు ఏం పని చేశాయి? పాతిపెట్టేటప్పుడు పాత చరణాలన్నీ వరుసగా పాడి, చివర కొత్తది కలిపేవాళ్ళం. ఎవరి చరణం వస్తే ఆ ఇంటివాళ్ళు గొంతు పెంచేవారు. ఎప్పుడో పోయినవాళ్ళు కూడా ఆ పూటకు మా మధ్య నిలబడినట్టుండేది.

పక్క పల్లె చిమ్కోడ్‌లో సాలమ్మ భర్త పోయినప్పుడు నేనూ ఆయన వెంట వెళ్ళాను. కూలి చేసుకునే మనిషి ఆమె. ఆయన అడగగానే చెంగు విదిలించి లేచింది.

"ఏం చేసినయా? కల్లు ముంత పట్టినయి. నన్ను కొట్టినయి. గది పాడుండ్రి అయ్యగారూ, ఊరంత ఇంటది."

ఆడవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. జకరయ్య గారు కదలకుండా కూర్చున్నాడు. కొంతసేపటికి ఆమే మెత్తబడింది. "ఎడ్లను మాత్రం ఒక్క దెబ్బ కొట్టలే. మెడ మీద పుండయితే, తాను బువ్వ తినకముందు దానికి మందు పూసేటోడు. నాకు గా నసీబు లేకపాయె."

గుంట దగ్గర ఆయన పాడాడు.

ఎద్దు మెడపై పుండుకు మందు పూసిన చేతులు
దిద్దుకొనుటకు నీ దరికి చేరిన చేతులు

"దిద్దుకోనీ, అక్కడన్న దిద్దుకోనీ," అంటూ సాలమ్మ అందరికన్నా గట్టిగా అందుకుంది.

తిరిగి వస్తూ, పాట కట్టడం నాకూ నేర్పమన్నాను. "ముందు అడగటం నేర్చుకో దాసూ," అన్నాడాయన. "అడిగి నోరుమూసుకోవటం ఇంకా కష్టం. ప్రాస దానంతటదే వస్తుంది. రాకపోతే రాగం లాగి దాచేద్దాం, ఎవరికి తెలుస్తుంది?" ఒక్కడే నవ్వుకుంటూ నడిచాడు. నాకు నేర్పాడు. రెండు మూడు చరణాలు నేనే కట్టాను కూడా.

మా నాయన తోళ్ళు ఊనేవాడు, పచ్చి తోలును పదును చేసే పని. తంగేడు చెక్క, సున్నం కలిసిన వాసన ఆయన చేతులను పండుగనాడు కూడా వదిలేది కాదు. ఆ చేతులే నన్ను చదివించాయి. నాకు కచేరీలో గుమాస్తా పని దొరికింది. నాయన పోయినప్పుడు మా కచేరీవాళ్ళు సమాధుల తోటకు వచ్చారు. నాయన పని ఏమిటో వాళ్ళకు నేనెన్నడూ చెప్పలేదు. జకరయ్య గారు ముందురోజంతా అమ్మ దగ్గర కూర్చుని అడిగి వెళ్ళాడు. చరణం తయారుగా ఉందని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. పక్కకు పిలిచాను.

"అయ్యగారూ, ఇయ్యాల గా పాట వద్దు. పుస్తకంల ఉన్నది ఏదన్న పాడుండ్రి."

ఆయన కచేరీవాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నీ తండ్రి, నీ మాట నాయనా," అన్నాడు. పుస్తకంలోది పాడాడు.

ఆ తరువాత ప్రతి చావుకూ చరణాలు వరుసగా వచ్చేవి. మా ఇంటి వంతు మాత్రం లేదు. అమ్మ పెదవులు బిగించుకుని నిలబడేది. ఒకసారి ఇంటికి వచ్చాక మెల్లగా అడిగింది. "మీ నాయిన చేతులు చేతులు కావా బిడ్డా?" నేను కచేరీ కాగితాలు ముందేసుకున్నాను. జకరయ్య గారి దగ్గరికి వెళ్ళి ఆ చరణం ఏమిటని అడగడానికీ నాకు ముఖం చెల్లలేదు. భాల్కికి బదిలీ రాగానే సంతోషంగా వెళ్ళిపోయాను. ఆదివారపు గదిలో బెంచీలు మరిన్ని ఖాళీ అయ్యాయి. వాటిలో ఒకటి నాది.

రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలో ఆయన పోయాడని కబురు వచ్చింది. బస్సు దిగి నేరుగా సమాధుల తోటకు వెళ్ళాను. కరుణమ్మ గారి పక్కనే గుంట తవ్వారు. వచ్చినవాళ్ళు కొందరే. పాత చరణాలన్నీ పాడారు. అన్నీ అయ్యాక పాట ఆగి, అందరి కళ్ళూ నా మీద నిలిచాయి. ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"కట్టు బిడ్డా," అంది సాలమ్మ. అప్పటికి బాగా ముసలిదయింది.

"ఆయన చేతులు ఏం చేసేటివి?" అని అడిగాను. బువ్వ ఎవరు వండేవారో, జ్వరమొస్తే నీళ్ళు ఎవరిచ్చారో మాలో ఒక్కరికీ తెలియదు. ఊరందరి చేతుల గురించి అడిగిన మనిషిని ఎవరమూ ఏమీ అడగలేదు.

"మమ్ములను అడిగిండు, గదే చేసిండు," అంది సాలమ్మ. దానితోనైనా నేను కట్టవలసింది. కట్టలేదు. గుంట పూడ్చేశారు.

నౌకరీ అయ్యాక నేను తిరిగి బీదరుకే వచ్చాను. ఆ పాటలో ఇప్పటికీ ఇద్దరు లేరు. నాయన చరణం జకరయ్య గారితోనే మట్టిలోకి వెళ్ళింది. జకరయ్య గారిది నేను పుట్టనివ్వలేదు. వాళ్ళ పేరున ఈ వయసులో కొత్తగా కట్టబోతే, నా తప్పు కప్పుకోవడానికి కడుతున్నట్టే ఉంటుంది. కాని మొన్న ఆ ఎర్రమట్టి వాసనలో కూర్చుని ఉండగా ఒక పాదం దానంతటదే వచ్చింది. అది నాది.

తండ్రి చేతుల పనిని దాచిన చేతులు

సాయంత్రం మా అమ్మాయిని పిలిచి, నన్ను పాతిపెట్టే రోజు ఈ పాదం పాడమన్నాను, కచేరీవాళ్ళు వచ్చినా సరే. రెండో పాదం ఏదని అడిగింది. దాన్ని కట్టవలసింది తనేనని చెప్పాను. ఎదురుగా కూర్చుని, చాలాసేపు నా చేతులు చూసింది. తరువాత అడిగింది, "తాత చేతులు ఎట్లుండేటివి నాయినా?"

చెప్పడం మొదలుపెట్టాను.