మిషన్ ఆగిన మధ్యాహ్నం

పిచ్చుక ఒకసారి కుర్చీలో కూర్చుందంటే పొద్దు వాలేదాకా లేవదు. అలాంటి మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదట, అందుకని వాళ్ళన్నయ్య పెట్టాడు. తర్వాత కంప్యూటర్ నేర్చుకుని కుర్చీకి అతుక్కుపోయింది గానీ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. వదిన కూడా కాపురానికి వచ్చిన మర్నాటినుంచే పిచ్చుకా అని పిలవడం మొదలుపెట్టింది.

అన్నయ్య దర్జీ. కింద కొట్టు, పైన గదులు. వీధివైపు గది పిచ్చుకది. చెక్క నేల, కిటికీ కింద ఒక పొడుగాటి బల్ల. ఒకప్పుడు గుడ్డలు కత్తిరించిన బల్లే అది, అంచుల్లో సుద్ద గీతలు ఇంకా పోలేదు. దాని మీద కంప్యూటరూ, దాని చుట్టూ రకరకాల పాత ఫోన్లూ, వాటి వైర్లూ. ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీ ఒకదాంట్లో ఆమె పనిచేసేది. అది కాస్తా మూతపడింది.

ఆటలో కారు వెళ్ళి గోడకు గుద్దుకుంటే చేతిలో ఫోను ఒక్కసారి వణుకుతుంది చూడండి, పిచ్చుక ప్రాణమంతా ఆ వణుకు మీదే. ఫోన్లు రెండు రకాలాయె. ఒక రకంలో వేలితో తట్టినట్టుండే వణుకు, రెండో రకంలో భుజం పట్టి కుదిపేసినట్టుంటుంది. ఆటలు చేసేవాళ్ళు ఒకే పనిని రెండుసార్లు రాసి, చివరికి రెండూ ఒకలా రాక తలలు పట్టుకుంటారు. పిచ్చుక రాస్తున్న ఎక్స్‌టెన్షన్, అంటే ఒక చిన్న అదనపు ప్రోగ్రాము, తమ ఆటకు తగిలించుకుంటే ఒక్క వరుస రాస్తే చాలు, రెండు రకాల ఫోన్లూ ఒకే తీరున వణుకుతాయి. దానికి ‘జోడు’ అని పేరు పెట్టుకుంది.

పేరు పెట్టినంత తేలిక కాదు పూర్తిచేయడం. ఏడాది పని ఉంది, జీతమిచ్చే నాథుడు లేడు. అందుకని ఇంటర్నెట్‌లో క్రౌడ్‌ఫండింగ్ సైటు ఒకదాంట్లో పేజీ తెరిచింది. ఆటలు చేసేవాళ్ళు తలా కొంత చందా వేస్తారు. గడువులోగా అనుకున్న మొత్తం నిండితే సొమ్ము చేతికొస్తుంది, నిండకపోతే ఎవరిది వాళ్ళకు వెళ్ళిపోతుంది. గడువు శనివారంతో సరి. ఈలోగా షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసువాళ్ళు ఉద్యోగమిచ్చి, సోమవారం వచ్చి చేరమన్నారు. చందా నిండకపోతే జోడును అటకెక్కించి చేరిపోతానని పిచ్చుక ఇంట్లో మాటిచ్చింది. ఇచ్చింది గానీ, ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ముద్ద దిగేది కాదు.

పేజీలో పెట్టిన వీడియో చూసి ఒక్కరూ కదల్లేదు. వదిన కూడా చూసింది.

“నువ్వు బానే చెప్పావమ్మా. కానీ ఆ ఫోను వణికిందో పడుకుందో చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?”

అదే కదా వచ్చిన చిక్కు. వణుకు చేతికి తెలుస్తుంది గాని కంటికి కనిపించదు. ఆ చిక్కు గురించే ఆలోచిస్తూ కిందకి దిగి, కొట్లో గుండీలు కుడుతున్న వదిన పక్కన కూర్చుంది. అంతలో వదిన ఫోను మోగింది. అది వెల్లకిలా పెట్టి గుండీలు పోసుకున్న డబ్బా మూతలో ఉంది. మూతలో గుండీలన్నీ గలగలలాడుతూ చిందులేశాయి. పిచ్చుక ఫోనైనా ఎత్తనివ్వకుండా మూత లాక్కుని పైకి పరిగెత్తింది.

రెండు ఫోన్లు, వాటి మీద రెండు మూతలు, మూతల్లో చొక్కా గుండీలు. మర్నాడే ఆటలు చేసేవాళ్ళందరినీ పిలిచి నెట్‌లో లైవ్ పెట్టింది. మంచి జనమే వచ్చారు. పిచ్చుక గొంతు సవరించుకుని, “ఇప్పుడు నేను నొక్కగానే రెండూ ఒకేసారి...” అంటూ ఉండగానే, ఆమె ఏదీ నొక్కకముందే, గుండీలు ఆడటం మొదలుపెట్టాయి.

ఫొటో బదులు గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఒకాయన అందరికంటే ముందు రాశాడు: ఫోన్లు కాదు, బల్ల ఊగుతోంది. ఆ వెంటనే ఇంకొకటి: మీ పేజీలో పెట్టిన నమూనా నా ఫోనులో వేసి చూశాను, అందులో ‘మెల్లగా’ అనే వణుకు కూడా మిక్సీ పట్టుకున్నట్టుంది, ఇదేం మెల్లగానండీ? తక్కిన జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పిచ్చుకకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరో కావాలని ఆడిపోసుకుంటున్నారనుకుంది. రెండు ఫోన్లూ తీసుకుని వీధి చివర బెంచీ దాకా విసవిసా నడిచి, అరచేతుల్లో పెట్టుకుని ‘మెల్లగా’ నొక్కింది. చేతులు జివ్వుమన్నాయి. గుడ్లగూబ చెప్పింది అక్షరాలా నిజం. ఆమెకు సిగ్గేసింది.

ఇంటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి కొట్లోకి చూస్తే సంగతి అర్థమైంది. అన్నయ్య కాలికింద మోటారు మిషన్ పరుగెడుతోంది. ఆమె పుట్టినప్పటినుంచీ ఆ మిషన్ మీదే బతుకుతున్న ఇల్లు. గోడా, నేలా, బల్లా పగలంతా సన్నగా వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకులో మోచేతులు ఆనించి కూర్చుని, దాన్ని మించితేగాని చేతికి తెలియక, పిచ్చుక వణుకు జోరు చెప్పే ప్రతి అంకెనూ పెంచుకుంటూ పోయింది.

“ఇల్లు వణుకుతోందా? ఎక్కడ?” అన్నయ్య లేచి గోడకు చెయ్యి ఆనించాడు. “నాకేం తెలియట్లేదే.”

“మిషన్ ఆపేసి గోడ పట్టుకుంటే ఏం తెలుస్తుంది?” అంది వదిన. తనే వెళ్ళి మిషన్ తొక్కి, బల్లమీద నీళ్ళగ్లాసు చూపించింది. నీళ్ళమీద సన్నటి ముడతలు. ముగ్గురూ దానివైపు వింతగా చూశారు. ముందు నవ్వింది పిచ్చుకే.

నవ్వాక భయమేసింది. అన్నీ మళ్ళీ సరిచేయాలి. ఆ సరంజామా అంతా మూటగట్టుకుని ఎక్కడికని పోతుంది? కొట్లో చూస్తే స్కూలు చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి, సోమవారానికి ఇచ్చి తీరాలి. మిషన్ ఆపమని అడగడానికి నోరు రాలేదు. ఆమె అడక్కుండానే అన్నయ్య మిషన్ ప్లగ్గు పీకి, సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

“కాజాలు, గుండీలు, అంచులు చేత్తో లాగిద్దాం. నువ్వు పైకెళ్ళు.”

“చొక్కాలో, అన్నయ్యా?”

“చొక్కాల సంగతి నాకొదిలెయ్. నువ్వు కిందికీ పైకీ తిరక్కు, మెట్లు కూడా ఊగుతాయేమో.”

ఇల్లు ఎన్నడూ లేనంత నిమ్మళించింది. పిచ్చుక అంకెలన్నీ దించుకుంటూ వచ్చింది. చేసిన తప్పు దాచకుండా కొత్త వీడియో తీసి పెట్టింది. మొదట ప్లగ్గు పెట్టి మిషన్ నడిపిస్తూ, ఈ చిందులు నావి కావు, మా అన్నయ్యవి అని చెప్పింది. తర్వాత మిషన్ ఆపింది, గుండీలు కిమ్మనలేదు. అప్పుడు నొక్కింది. రెండు మూతల్లోనూ గుండీలు ఒక్క తీరున లేచి, ఒక్కసారే ఆగాయి. పనిలో పనిగా ఆ మిషన్ వణుకును కూడా జోడులో చేర్చి ‘దర్జీ’ అని పేరు పెట్టింది. ఆ తీరున వణికే ఫోను అన్నయ్య చేతిలో పెట్టి కళ్ళు మూసుకోమంటే ఆయన, “ఇది మన మిషనే. బెల్టు వదులైంది చూడు” అన్నాడు.

గుడ్లగూబాయన కడుపుబ్బ నవ్వానని రాసి, చందా వేసి, తన తోటివాళ్ళందరికీ చెప్పాడు. అక్కడినుంచి చందా కదిలింది. అయినా శనివారం మధ్యాహ్నానికి ఇంకా కొరతే. లైవ్‌లోకి వచ్చినవాళ్ళకల్లా పిచ్చుక గుండీలు ఆడించి చూపిస్తూనే ఉంది. కింద వదిన చొక్కాలకు గుండీలు కుడుతూనే ఉంది.

చీకటిపడే వేళకు పిచ్చుక మెట్ల మీదకొచ్చింది.

“నిండింది అన్నయ్యా.”

“అంటే సోమవారం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదా?”

“అక్కర్లేదు.”

అన్నయ్య చేతిలో చొక్కా పక్కన పెట్టి, సూది గుచ్చుకుని ఎర్రబడ్డ వేళ్ళు విదిలించుకున్నాడు. “అయితే ఇక మిషన్ వేసుకోవచ్చా? రేపట్నుంచి పొద్దునపూట మిషన్ ఆపేస్తా, ఆ పూట నీది, మధ్యాహ్నం నాది.”

పిచ్చుక తలూపి, పైకెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. కింద మిషన్ మొదలైంది. నేలలోంచి సన్నగా వణుకు పాకి వచ్చి పాదాలకు తగిలింది. ఇన్నేళ్ళలో ఆమెకు అది తెలియడం అదే మొదటిసారి. చెప్పులు విడిచేసి, రెండు పాదాలూ నేలకు ఆనించి అలాగే కూర్చుంది.