గాలి మింగిన మోటారు

కాలేజీలో అందరూ ఆయన్ని మోటారాయన అనేవారు. పాత భవనం వెనక ఇనుప తలుపున్న చిన్న గదిలో ఇరవై రెండేళ్ళుగా నీళ్ళ మోటారు నడుపుతున్నాడు. నీళ్ళు వచ్చినంతకాలం అలాంటివాడొకడు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. రాని రోజున మాత్రం మూడంతస్తుల నుంచీ కేకలే.

అదే ఆవరణలో కొత్త భవనం లేచింది. దానికి బయటి కరెంటు అక్కర్లేదు, బయటి నీళ్ళు అక్కర్లేదు. ఎండతో దీపాలు, వాననీళ్ళతో కుళాయిలు. దాన్ని చూసుకునే ఉద్యోగం తనకే వస్తుందని మోటారాయన లోలోపల ఆశపడ్డాడు. వచ్చింది తోడల్లుడికి. భార్య చెల్లెలి మొగుడు, తొమ్మిదేళ్ళు చిన్నవాడు, కంప్యూటరు తెలిసినవాడు. ఫలానా ఉద్యోగం ఉందని అతనికి మొదట చెప్పింది మోటారాయనే. ఆ ముక్క తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

ఒక ఆదివారం సిబ్బంది కుటుంబాలకు ఆ భవనం చూపిస్తామన్నారు.

"నాకు తలనొప్పిగా ఉంది, నువ్వెళ్ళు," అన్నాడు భార్యతో.

"తలనొప్పా, కడుపుమంటా? పదండి, చెల్లెలు ఏమనుకుంటుంది!"

గుమ్మంలోనే తోడల్లుడు ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చాడు. "రండి అన్నయ్యా, రండి వదినా!" అతని గోళ్ళలో గ్రీజు లేదు. మోటారాయన తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

లోపల ఫ్యాను లేకుండానే చల్లగా ఉంది. మందపాటి మట్టి ఇటుకల గోడలు, ఎదురెదురు కిటికీలు. చేతులు కడిగిన నీళ్ళు రెల్లు మడిలో తేరుకుని మళ్ళీ మరుగుదొడ్లకే వస్తాయని తోడల్లుడు చెబుతుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. మోటారాయన గోడల్లో నెర్రెలు వెతికాడు. కప్పులో చెమ్మ మరకలు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

"మా చెల్లెలు అదృష్టవంతురాలు," అంది భార్య, యథాలాపంగా. ఆ మాట ములుకులా దిగింది.

ఆ భవనపు మోటారు గదిలో గోడకు మెరిసే బోర్డు, దాని నిండా పచ్చ దీపాలు. "ఎక్కడ తేడా వచ్చినా ఇదే చెప్పేస్తుంది అన్నయ్యా," అని తోడల్లుడు ముందుకు సాగాడు. అందరూ అతని వెంట వెళ్ళారు. మోటారాయన ఒక్కడే ఆగి, నేల కింది వాననీళ్ళ తొట్టిలోంచి పైకొచ్చే గొట్టానికి చెవి ఆనించాడు. గుటక్... గుటక్. నీళ్ళతోపాటు గాలినీ మింగుతోంది. అతుకు వదులైంది. ఇంకో రెండు రోజులు, మహా అయితే మూడు. ఆ తర్వాత పైకి చుక్క ఎక్కదు.

మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఆ రోజు మొదటిసారిగా ఆయన ముఖం విప్పారింది. "బాగుందోయ్," అని తోడల్లుడి భుజం కూడా తట్టాడు.

మంగళవారం పొద్దున, పెద్ద అధికారులెవరో భవనం చూడవచ్చిన వేళ, కుళాయిలు బుస్సుమన్నాయి. బోర్డు మీద పచ్చ దీపాలు మాత్రం అలాగే వెలుగుతున్నాయి. తోడల్లుడు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, మీరొక్కసారి రావాలి. నాకేం పాలుపోవట్లేదు."

మోటారాయన పానా పట్టుకెళ్ళాడు. ఎక్కడా వెతకలేదు. తిన్నగా ఆ గొట్టం దగ్గరే కూర్చుని, అతుకు విప్పి, నూలు చుట్టి బిగించి, మోటారులో నీళ్ళు పోసి మీట వేశాడు. పావుగంట పట్టింది. ప్రిన్సిపాలు అందరి ముందూ ఆయన చేయి పట్టుకుని ఊపాడు.

"మీ చెవి నాకెప్పుడొస్తుందో," అన్నాడు తోడల్లుడు. ఆ గొంతులో ఈర్ష్య లేదు. దానికే మోటారాయనకు మండింది.

సాయంత్రం భార్య అడిగింది: "ఆదివారం అందరూ కదిలినా మీరు ఆ గొట్టం దగ్గరే ఆగారు. అప్పుడే తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా?"

"చెబితే వాడే బాగుచేసుకునేవాడు."

ఆమె కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. రెండు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

మర్నాడు కొత్త భవనానికి వెళ్ళి తోడల్లుడితో నిజం చెప్పేశాడు.

"నా ఉద్యోగం పోయేది అన్నయ్యా."

"పోతే బాగుండుననిపించింది కూడా."

"ఇప్పుడో?"

"ఇప్పటికీ కొంచెం ఉంది. అబద్ధం ఎందుకు?"

వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఎనిమిదో రోజు ఫోను మోగింది. "పైన ట్యాంకు దగ్గర ఏదో చప్పుడు. ఒకసారి వచ్చి చూడండి." అన్నయ్యా అనలేదు.

మోటారాయన వెళ్ళి చూశాడు. ఎండకు ట్యాంకు మీది రేకు సాగి చప్పుడవుతోంది, అంతే. "ఏం లేదు, భయపడకు," అన్నాడు. దిగి వస్తూ ఆ చల్లని హాల్లో ఒక నిమిషం నిలబడ్డాడు. ఇది నాకు రావలసింది, అనుకున్నాడు మళ్ళీ. అనుకుని, ఎండలోకి నడిచాడు.