ఫారంలో లేని అడ్డపొగ

2004 ఆగస్టులో నన్ను కలకత్తాలోని ఒక ప్రభుత్వాసుపత్రికి సీనియర్ పెథాలజిస్టుగా వేశారు. రోజుకు నలభై స్లైడ్లు చూసి, మిగిలిన ఓపికతో పరిశోధన చెయ్యాలి. ఓపిక మిగిలేది కాదు.

పరిశోధన నోటి లోపలి పొర మీద. అందులోని కణాలకు ఏది పైన, ఏది కింద అన్న తెలివిడి ఉంటుంది. స్క్రిబుల్ వంటి ప్రోటీన్లు కణం అంచుల్లో ఉండి ఆ తెలివిడిని కాపాడతాయి. అవి అంచు వదిలి లోపలికి చెదిరితే కణం దిక్కు తప్పుతుంది. క్యాన్సర్‌కు అది తొలి మెట్టు కావచ్చు. అయితే ఈ ప్రోటీన్లు కనబడేలా స్లైడుకు వేసే పరిశోధన రంగులో కనిపించింది రిపోర్టులో రాయకూడదని నియమం.

ఒకరోజు పరీక్షకు ఒక రోగి అంగిటి ముక్క వచ్చింది. అప్పలనరసమ్మ, యాభై ఏళ్లు, ఏక్‌బాల్‌పూర్, భర్త రేవులో కూలీ. ఫారంలో "పొగాకు: లేదు" అని ఉంది. మామూలు రంగులో అడుగు వరుస కణాలు కాస్త చిందరవందరగా ఉన్నాయి, అంతే. పరిశోధన రంగులో మాత్రం స్క్రిబుల్ పూర్తిగా చెదిరిపోయి ఉంది. మా హెడ్ బెనర్జీదా ఫారం మీద వేలు పెట్టి, పొగాకు అలవాటు లేని మనిషికి ఇది వట్టి వాపే అన్నారు. మనసు పీకుతూనే ఉన్నా వాదించే ఓపిక లేక, "వాపు, ఆరు నెలలకు మళ్లీ చూడాలి" అని సంతకం పెట్టేశాను.

రిపోర్టిచ్చే రోజు బంద్. గుమాస్తా రాలేదు, కౌంటర్లో నేనే కూర్చున్నాను. బస్సుల్లేక అప్పలనరసమ్మ నడిచే వచ్చింది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, "మీరు మనోలేనా బాబూ?" అంది. దగ్గరికి రాగానే చుట్ట వాసన. కాలుస్తావా అని అడిగాను.

"బీడీ, సిగరెట్టు తాగుతావా అని బంగాళీలో అడిగినారు, నేదన్నాను. అయి మొగోలు తాగుతారు. నాది అడ్డపొగే కదా బాబూ, దాన్ని కూడా రాత్తారేటి?"

అడ్డపొగ అంటే మండే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. మా శ్రీకాకుళం ఆడవాళ్ల అలవాటు. నిప్పు సరిగ్గా అంగిటి కిందే ఉంటుంది. మా అమ్మమ్మా అలాగే కాల్చేది. అయినా నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను.

ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకున్నాను. మర్నాడు ఆ ముక్క ఉన్న మైనం దిమ్మను ఇంకా లోతుకు కోయించాను. ఏడో కోతలో కణాలు అడుగు పొర దాటి కిందికి దిగి ఉన్నాయి, అంటే క్యాన్సరే. బెనర్జీదా చూసి, కొత్త రిపోర్టు మీద నా సంతకం కింద తనదీ పెట్టారు. సర్జన్లు అంగిట్లో ఒక పక్క తీసేశారు. ఆవిడ మాట ముక్కులోంచి వచ్చేది, కానీ మనిషి దక్కింది.

మా పరిశోధన ఎటూ తేలకుండానే ఆగిపోయింది. అప్పటి నుంచి ఫారంలో "లేదు" అని కనిపిస్తే, ఏ మాటతో అడిగారో చెప్పమని వార్డుకు ఫోన్ చేసేవాణ్ని. అక్కడివాళ్లు విసుక్కునేవారు. ఆ రోజు బంద్ లేకపోతే గుమాస్తా నా సంతకమున్న కాగితం ఇచ్చి ఆవిణ్ని పంపేసేవాడు.