కక్కుతది, మింగుతది

మా కెమిస్ట్రీ సారుకు కోపమొస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. మహబూబ్‌నగర్ కాలేజీలో ఆ గొంతు పూర్తిగా తగ్గిపోగా ఒక్కసారే విన్నాను.

ప్రాక్టికల్ పరీక్షలో, ఉప్పు తాకిన మంట పసుపురంగుకు ఎందుకు తిరిగిందని బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి అడిగాడు.

"ఉప్పుల సోడియం ఉంటది సార్. వేడికి పసుపు వెలుగు కక్కుతది. తెల్ల వెలుగు దాని ఆవిరిలకెల్లి పోతే గా పసుపునే మింగుతది. గందుకే వర్ణపటంల గాడ నల్లగీత పడ్తది," అన్నాను.

ఆయన నవ్వాడు. "కక్కడం, మింగడం! గొర్రెల కాపరుల భాషకు మార్కులు ఉండవమ్మా."

మాది గొర్లు కాచే ఇల్లే. ఒళ్లు మండిపోయింది.

సారు దగ్గరకొచ్చి మెల్లగా అన్నారు: "జవాబు తప్పైతే చూపియ్యుండ్రి. భాష తప్పంటే మార్కుల కాగితం మీద నేను సంతకం పెట్టను."

పెట్టలేదు. అయినా నన్ను ఫెయిల్ చేశారు. సారును దూరం బదిలీ చేశారు. పోయేముందు ఆయన మా ఊరొచ్చి, "నీ బిడ్డ తప్పలేదు, తప్పించిండ్రు. చదువు బంద్ చెయ్యకు," అని బాపుతో చెప్పారు.

బాపు బంద్ చేయలేదు. మళ్లీ రాసి పాసయ్యాను. ఆ నవ్వు మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ లేదు.