జీడితొక్క వాసన వేసిన క్లచ్

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, అక్టోబరు నెల మొదట్లో, నన్ను టెక్కలి వర్క్‌షాపులో మెకానికల్ సూపర్‌వైజరుగా వేశారు. భావనపాడు నుంచి బారువ దాకా తీరంలో ఉన్న మర బోట్ల ఇంజన్లు, ఒడ్డున బోట్లను పైకి లాగే వించ్‌లు మా పని కిందికి వచ్చేవి. నా పైన ఒక అసిస్టెంట్ ఇంజనీరు, కింద ఇద్దరు ఫిట్టర్లు. కాపురం మాత్రం పలాస పక్కన కాశీబుగ్గలోనే. మా వీధి చివర జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉండేది. ఆ పొగ మా ఇంట్లో పరుపులకు, పుస్తకాలకు కూడా పట్టి ఉండేది. చాలా ఏళ్ల కిందట ఆ ఇంటికి వచ్చిన మొదటి నెలలో దగ్గు వచ్చింది. తర్వాత ఆ వాసన ఉందన్న సంగతే మరచిపోయాను.

చేరి పదిహేను రోజులైనా కాకముందే తుపాను హెచ్చరిక వచ్చింది. ఉదయం ఏడు గంటలకు అసిస్టెంట్ ఇంజనీరు ఫోను చేశారు. బారువకు దక్షిణంగా ఉన్న ఒక పల్లెలో వించ్ జారిపోతోందట. ఇసుక మీద పంతొమ్మిది బోట్లు ఉన్నాయి. సాయంత్రానికి కెరటాలు సరుగుడు తోట మొదలు దాకా వస్తాయని అంచనా. ఆలోగా బోట్లన్నీ తోట అవతలికి చేరాలి. ఫిట్టర్లిద్దరూ భావనపాడులో ఉన్నారు కాబట్టి నేనొక్కణ్నే పనిముట్ల పెట్టె తీసుకుని జీపులో బయలుదేరాను.

వించ్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఒక సిలిండరు డీజిల్ ఇంజను, దానికి ఒక క్లచ్, తర్వాత గేరు పెట్టె, చివర మోకు చుట్టుకునే డ్రమ్ము. ఇంజను తిరుగుడు డ్రమ్ముకు చేరాలంటే క్లచ్ గుండానే చేరాలి. ఇంజను వైపు ఫ్లైవీల్ ఉంటుంది. దాని పక్కన రెండు ముఖాలకూ గరుకు లైనింగ్ వేసిన ప్లేటు. ఆ ప్లేటును ప్రెజర్ ప్లేటు స్ప్రింగుల బలంతో ఫ్లైవీల్‌కు అదిమి పట్టుకుంటుంది. పళ్లు, బోల్టులు ఏవీ ఉండవు. రెండు ముఖాల మధ్య ఒరిపిడి ఒక్కటే ఆ బలాన్నంతా మోస్తుంది. ఎంత బలం దాటుతుందన్నది స్ప్రింగుల నొక్కుడు మీద, లైనింగ్ గరుకు మీద, ప్లేటు వెడల్పు మీద ఆధారపడి ఉంటుంది. పెడలు తొక్కితే ప్రెజర్ ప్లేటు వెనక్కి జరుగుతుంది, ప్లేటు విడిపోతుంది, ఇంజను తిరుగుతున్నా డ్రమ్ము ఆగుతుంది.

పల్లెలో వించ్ నడిపే మనిషి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పలాస వెళ్లేవాడు. అతను వెళ్లిన రోజుల్లో బావమరిది ఎర్రయ్య నడిపేవాడు. నేను వెళ్లేసరికి ఎర్రయ్యే ఉన్నాడు. నల్లగా నిగనిగలాడుతున్న క్లచ్ డొప్పను చూపించి, “ఏటి రాశావు దీనికి?” అని అడిగాను.

“జీడి నూనె బాబూ. ఉప్పుగాలికి తుప్పట్టీకుండా. సెక్క తెప్పలకి మా తాతల కాడ్నించీ రాత్తన్నాం కదా.”

జీడితొక్క నుంచి తీసే ఆ నల్లని నూనె చెక్కను పురుగు నుంచి, ఉప్పు నుంచి కాపాడుతుంది. పడవకు పనికొచ్చినది యంత్రానికీ పనికొస్తుందని అతను అనుకోవడంలో తప్పు పట్టలేను. డొప్పకు గాలి కోసం ఉంచిన కంతల్లోంచి నూనె లోపలికి దిగింది. ప్లేటు తడిసింది. గరుకు పోయింది కాబట్టి జారుతోంది.

నిబంధన ప్రకారం ప్లేటు మార్చాలి. కొత్తది టెక్కలి స్టోర్సులో ఉంది. తెచ్చి బిగించేసరికి మధ్యాహ్నం దాటుతుంది. సముద్రం అప్పటికే బూడిద రంగుకు తిరిగింది. నేను ప్లేటు విప్పి, పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించాను. ఇంజను బరువుకు కుంగిపోతుంటే యాక్సిలరేటరు మీటను ఇనుప తీగతో పైకి కట్టేశాను. ఇంజను ఆపేదీ ఆ మీటతోనే, కిందికి నొక్కి. ఆ సంగతి తెలిసే కట్టాను. కడితే పని త్వరగా అవుతుందన్నదే అప్పటి నా లెక్క.

మొదటి బోటు చక్కగా పైకి వచ్చింది. బోటు ముక్కు కింద దుంగలు వేసే పని ఎర్రయ్య మావ సోమయ్యది. వెనక పాతికమంది తోసేవారు, ఆడవాళ్లతో సహా. సోమయ్యది భారీ శరీరం. “మావా, బోటు కన్నా నువ్వే బరువున్నావు, ముందు నిన్ను లాగీమంతావేటి?” అని ఎర్రయ్య అరిస్తే, “నీ పెద్దక్కని సేసుకున్నోణ్ని, నన్ను లాగడం నీ వల్ల కాదు గానీ దాని సంగతి సూడు” అని సోమయ్య అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వడం అదే ఆఖరు.

తొమ్మిదో బోటు దగ్గర పెడలు తొక్కాక కూడా డ్రమ్ము ఒక చుట్టు తిరిగి ఆగింది. పదోదానికి రెండు చుట్లు. క్లచ్ పూర్తిగా వదలడం లేదనడానికి అది గుర్తు. ఏ మెకానిక్ అయినా అక్కడ ఆపి ఉండాలి. గాలి పెరిగింది, సరుగుడు చెట్లు ఒక పక్కకే వాలుతున్నాయి. ఇంకా తొమ్మిది ఉన్నాయి కదా అని ఊరుకున్నాను. అప్పుడే జీడితొక్క కాలిన వాసన వచ్చింది. క్లచ్ కాలితే మాడిన వాసన వస్తుంది, ముప్పై ఏళ్లలో వందసార్లు పసిగట్టాను. ఇది మాత్రం మా వీధి వాసన. నా ముక్కు దాన్ని పట్టించుకోలేదు. జీడితోటల ఉద్దానం సీమలో ఆ వాసన ఎక్కడ లేదు అనుకున్నాను.

పదకొండో బోటు కదులుతుండగా అసిస్టెంట్ ఇంజనీరు ఫోను చేసి ఎన్ని అయ్యాయని అడిగారు. గాలి హోరులో వినపడక పదడుగులు పక్కకు వెళ్లాను. ఆడవాళ్ల కేక వినపడి తిరిగి చూశాను.

సోమయ్య బోటు ముందు కూర్చుండిపోయి ఉన్నాడు. తడి ఇసుకలో కాలు దిగబడింది, పైనుంచి దుంగ దొర్లి మోకాలి కింద బిగుసుకుంది. బోటు ముక్కుకూ అతనికీ మధ్య రెండు బారల దూరం. బోటు వస్తూనే ఉంది. మనిషి నడక కంటే నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా వస్తోంది.

“ఆపరా ఎర్రయ్యా, కాలు రాట్నేదు!”

ఎర్రయ్య రెండు కాళ్లతో పెడలు మీద నిలబడి ఉన్నాడు. “తొక్కినాను మావా! ఒగ్గట్నేదు! బాబూ, ఇది ఒగ్గట్నేదు!”

ఇసుకలో పరుగెత్తడం కలలో పరుగెత్తినట్టే ఉంటుంది. ఇంజను దగ్గరికి వెళ్లి మీట పట్టుకున్నాను. నేను కట్టిన తీగ. మూడు చుట్లు వేసి కొసలు మెలిపెట్టి ఉంది. తీగ కత్తిరించే శ్రావణం పెట్టెలో ఉంది, పెట్టె జీపులో ఉంది. గోళ్లతో లాగాను, రాలేదు. వెనక్కి చూస్తే ఒక బార మిగిలింది.

ఇంజను తల మీద ఒక చిన్న మీట ఉంటుంది. అది ఎత్తితే సిలిండరులోని ఒత్తిడి బయటికి పోయి ఇంజను ఆగుతుంది. కాని ఒత్తిడి పోయిన ఇంజను బరువును ఆపలేదు. బోటు వెనక్కి జారితే వెనక తోస్తున్న పాతికమంది మీదికి వెళుతుంది. అది జారకుండా పట్టేది డ్రమ్ము పక్కన పళ్ల చక్రంలో పడే ఇనుప కొక్కెం ఒక్కటే. కొక్కెం పళ్ల మీద ఉందో, ఎవరైనా ఎత్తి ఉంచారో చూడాలి. ఆ ఒక్క చూపుకు పట్టిన సమయం ఇప్పటికీ నాకు చాలా పొడుగ్గా కనిపిస్తుంది. కొక్కెం పళ్ల మీదే ఉంది. మీట ఎత్తాను. అరచేయి కాలింది. ఇంజను రెండుసార్లు బుసకొట్టి ఆగిపోయింది. బోటు వెనక్కి బెత్తెడు జారి, కొక్కెం మీద టక్కుమని నిలిచింది.

ముక్కుకూ సోమయ్య తొడకూ మధ్య జానెడు ఉంది.

అతన్ని తవ్వి బయటికి తీశారు. ఎముక విరగలేదు, పిక్క మీద తోలు లేచిపోయింది. సోమయ్య నా వైపు చూసి, “నీ మిషనుకి నేనంటే పేమ బాబూ, ఒగ్గనంతాది” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఇంకా ఎనిమిది బోట్లు మిగిలాయి. అందులో ఒకటి ఎర్రయ్యది. “ఇంకొక్కటి బాబూ. నాదొక్కటే. కాలు అడ్డం పెట్టీకుండా నేనే దుంగలేత్తాను” అని చేతులు పట్టుకున్నాడు. నేను డీజిల్ పైపు విప్పి జేబులో పెట్టుకున్నాను. అతను నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, నాకు తగినవే అయినా. సాయంత్రం లోపు చేతులతో నాలుగు బోట్లు లాగగలిగాం. మిగిలిన నాలుగింటిని రెండేసి మోకులతో సరుగుడు మొదళ్లకు కట్టి వచ్చేశాం. వాటిలో మూడు నిలిచాయి. ఎర్రయ్యది పోయింది.

తుపాను తగ్గాక క్లచ్ విప్పాం. ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోయి ఉంది, ఉలి పెట్టి లేపాల్సి వచ్చింది. జీడితొక్క నూనె చల్లగా ఉన్నప్పుడు జారుతుంది. వేడెక్కితే జిగురవుతుంది. లైనింగ్ లోపలికి ఇంకిన నూనెను పెట్రోలు తీయలేదు, పని వేడికి అది పైకి వచ్చింది. అదే నూనెను ఉడికించి గట్టిపరచి పొడి చేసి క్లచ్ లైనింగుల తయారీలో కలుపుతారని స్టోర్సులో ఒకాయన చెప్పాడు. కొత్త ప్లేటులో కూడా బహుశా మా పలాస జీడి ఉండే ఉంటుంది.

నివేదికలో మూడు సంగతులు నా పేరు మీదే రాశాను. ప్లేటు మార్చకపోవడం, మీట కట్టేయడం, పదో బోటు దగ్గర ఆపకపోవడం. వాసన సంగతి రాయలేదు, దానికి ఫారంలో చోటు లేదు. ఒక మెమో వచ్చింది. ఎర్రయ్య రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

అంతకు ముందు ఏ క్లచ్ బాగుచేసినా బరువు లాగించి, పట్టుకుంటోందని చూసి సంతకం పెట్టేవాణ్ని. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న మూడేళ్లూ యంత్రాన్ని అరగంట నడిపి, బాగా వేడెక్కాక, బరువు మీద ఉండగా పెడలు తొక్కి వదులుతోందా అని చూశాను. వదిలితేనే సంతకం పెట్టాను.