పదహారు పుల్లల నక్షత్రం

మా ఆయన కట్టే క్రిస్మస్ నక్షత్రానికి ఎనిమిది మూలలుండేవి. వీధిలో మిగతా ఇళ్ళ ముందు వేలాడేవన్నీ అయిదు మూలలవే. ఈ తేడాకి భక్తితోగానీ కళతోగానీ సంబంధం లేదు. గొడుగుకి ఎనిమిది పుల్లలుంటాయి. నక్షత్రానికి ఒక్కో మూలకి రెండు పుల్లలు కావాలి. రెండు గొడుగులు విప్పితే పదహారు వస్తాయి.

ఆయన పని గొడుగులు బాగుచేయడం. వీధిలో అందరికీ గొడుగులాయన. నేను లైబ్రరీలో ఉద్యోగం చేసినా గొడుగులావిడనే. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. గొడుగు పాడైతే బాగుచేయించుకునే అలవాటు ఆయనకన్నా ముందే పోయింది.

మా ఇంటి ముందుగదే ఆయన కొట్టు. కిటికీ కింద బల్ల, బల్ల మీద తీగ చుట్టలు, ఆకురాయి, రెండు పట్టకార్లు. ఎడమ గోడకి రెండు వరసల మేకులు. పై వరసలో, బాగుచేశాక సొంతదారుల కోసం ఎదురుచూస్తున్న గొడుగులు. ప్రతి పిడికీ ఒక గుడ్డ చీటీ, దాని మీద ఆయన పెన్సిలుతో రాసిన తేదీ. తలుపు పక్కన అట్ట మీద ఒకటే వాక్యం: "బాగుచేసిన గొడుగు మూడు వానాకాలాలు భద్రపరచబడును." మూడేళ్ళు అని రాస్తే సరిపోతుంది కదా అని పెళ్ళయిన కొత్తలో అడిగాను.

"ఏళ్ళతో గొడుక్కేం పని? దానికి కావలసింది వానలు," అన్నాడు.

మూడో వానాకాలం వెళ్ళాక కూడా ఎవరూ రాకపోతే చీటీ విప్పేసి ఆ గొడుగుని కింది వరసకి దించేవాడు. అక్కణ్ణుంచి అది మాది. గుడ్డ సంచీ అయ్యేది, పుల్లలు నక్షత్రమయ్యేవి. పండగ అయ్యాక ఆ నక్షత్రాన్ని అడిగినవాళ్ళకి ఇచ్చేసి, మళ్ళీ డిసెంబరులో కొత్తది కట్టేవాడు. మొదటి పందొమ్మిదేళ్ళలో ఒక్క గొడుగు కూడా గడువుకి ముందు కింది వరసకి దిగలేదు. ఆయన గొప్పగా చెప్పుకున్నది ఏదైనా ఉంటే అదొక్కటే.

మా ఇంట్లో పండగ అంటే కొనేది తక్కువ, చేసేది ఎక్కువ. డిసెంబరు మొదటి వారం గోడలకి సున్నం. రెండో వారం మా అత్తయ్య కిస్మిస్ కడిగి, ఆరబెట్టి, మా ఇద్దరికీ కనబడకుండా దాచేది. ఎక్కడ దాచిందో తనే మర్చిపోయి మమ్మల్ని తిట్టేది. కేకు ఇసుక పోసిన గిన్నెలో, పొయ్యి మీద. రంగు కాగితాల గొలుసులకి జిగురు మైదాతో ఉడికించేది. పశువుల పాక కోసం అట్టపెట్టె, గడ్డి, ఆవిడే చేసిన మట్టి బొమ్మలు. ముగ్గురు జ్ఞానుల్లో ఒకాయన ఏనాడో కిందపడి పగిలిపోతే, దారపు కండెకి గుడ్డ చుట్టి ఆయన స్థానంలో నిలబెట్టింది. మిగతా ఇద్దరికన్నా ఈయనే నిటారుగా ఉండేవాడు.

నక్షత్రం కట్టే రోజున తల్లీకొడుకులకి ఏటా ఒకటే గొడవ.

"ఒరేయ్, దారి చూపించే నక్షత్రమా అది, సాలెపురుగా?"

"అయిదు మూలలే ఉన్నాయని నువ్వు చూశావా అమ్మా?"

"నేను చూడలేదు. నువ్వు మాత్రం లెక్కపెట్టి వచ్చినట్టు కడుతున్నావు."

నేను చెప్పబోయే ఏడాది కూడా ఈ మాటలన్నీ అయ్యాయి. కాకపోతే అప్పటికే ఒక పొరపాటు జరిగిపోయి ఉంది. అది చేసింది నేను.

సున్నం వేసే రోజు ఆయన చర్చిలో బెంచీలు సరిచేయడానికి వెళ్ళాడు. నేను గొడుగులన్నీ మేకుల మీంచి తీసి మంచం మీద పరిచాను. గోడ ఆరాక మళ్ళీ తగిలించాను. చీటీ ఉన్నవి పైన, లేనివి కింద. చీటీ లేనివి రెండు వచ్చాయి. ఒకటి బూడిదరంగుది. రెండోది నల్లది, పాతది, వంపు తిరిగిన చెక్క పిడి. రెండూ కింద తగిలించాను. అర నిమిషం పట్టి ఉంటుంది. లైబ్రరీలో చీటీ ఊడిన పుస్తకం కనబడితే రిజిస్టరు చూడనిదే అరలో పెట్టేదాన్ని కాదు. ఇంట్లో ఆ బుద్ధి పనిచేయలేదు.

ఇరవై రెండో తారీఖున ఆయన ఆ రెంటినీ విప్పాడు. నల్లదాని పుల్లలు మంచి ఉక్కు. పిడి మీద చిన్న చిన్న గాట్లున్నాయి. "ఎలకలు కొరికినట్టున్నాయి," అని, కర్రతో సహా దాన్ని గుమ్మం పైన చూరుకి బిగించాడు, నక్షత్రం తగిలించడానికి కొక్కెంలా. నల్లగుడ్డ అత్తయ్య తీసుకుంది. కుట్లు విప్పి, పాక వెనక ఆకాశంలా పరిచి, వెండికాగితం చుక్కలు మైదాతో అంటించింది. అలా ఒక గొడుగు మా ఇంట్లో మూడు చోట్ల పండగ చేసుకుంటోంది.

ఇరవై నాలుగు పొద్దున, కేకు గిన్నె పొయ్యెక్కిన వేళకి, గుమ్మంలోకి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో ప్రయాణం సంచీ.

"గుర్తుపట్టారా బాబాయ్ గారూ?"

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఆస్పత్రి నర్సమ్మవి కదూ! ఏమైపోయావమ్మా ఇన్నాళ్ళూ?"

"బదిలీ అయిందండీ. నా గొడుగు మీ దగ్గరే ఉండిపోయింది. రెండు వానాకాలాలే అయ్యాయి, లెక్కేసుకునే వచ్చాను," అని నవ్వింది. "నల్లది. చెక్క పిడి. పిడి మీద పంటిగాట్లుంటాయి."

"పంటిగాట్లా?"

"చిన్నప్పుడు నాన్న ఎత్తుకుంటే అదే కొరికేదాన్నట. ఆయనదేనండీ ఆ గొడుగు. ఆగస్టులో పోయారు. మిగతావన్నీ అన్నయ్య ఇంట్లో ఉన్నాయి. నాకంటూ ఉన్నది ఇదొక్కటే."

ఆమె నిలబడ్డ చోటికి సరిగ్గా పైన ఉంది నక్షత్రం. తలెత్తితే పిడి కనబడుతుంది. ఆమె తలెత్తలేదు. ఆయన పై వరస చూశాడు, కింది వరస చూశాడు, ఆ తర్వాత ఎటూ చూడలేదు.

"ఉందమ్మా. కానీ ఇప్పుడివ్వలేను. ఇంకా పనుంది దానికి."

"రేపు పన్నెండింటికి బస్సండీ నాకు."

"రేపు పదింటికి రా. ఆరాధన అయిపోతుంది. తీసుకెళ్దువుగాని."

"ఉంది కదా, చాలు," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆయన స్టూలు వేసుకుని ఎక్కి నక్షత్రం దించి, పిడి కర్రని కూడా ఊడదీశాడు. అత్తయ్య గరిటె పట్టుకుని వచ్చింది.

"ఒరేయ్! పండగ పూట నక్షత్రం దించుతావేంట్రా? చూసినవాళ్ళు ఇంట్లో ఎవరో పోయారనుకోరూ?"

"అనుకోనీ. నీ ఆకాశం కూడా కావాలి."

"ఏంటీ?"

"ఆ గుడ్డ, అమ్మా. ఆ పిల్లది."

అత్తయ్య గరిటె దించింది. వాదిస్తుందనుకున్నాను. పాక దగ్గరికి వెళ్ళి, గుడ్డకి గుచ్చిన సూదులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. తీస్తూ, "ఇంత వయసొచ్చి కళ్ళు ఎక్కడ పెట్టుకున్నాడో," అని కండె జ్ఞానికి చెప్పింది.

ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. నక్షత్రం మీది పసుపు కాగితం చింపి, తీగలు కత్తిరించి, పుల్లలు వేరుచేశాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. నేను మంచం జరిపి కింద ఊడ్చాను. గోడ వార, ఎండిన సున్నం పెచ్చుకి అంటుకుని చీటీ దొరికింది. తేదీ కనబడుతోంది. రెండు వానాకాలాల కిందటిదే.

దాన్ని గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యిలో పడేస్తే అయిపోతుంది. తానే లెక్క తప్పానని ఆయన అనుకుంటాడు. అప్పటికే అనుకుంటున్నాడు. కేకు గిన్నె మూత తీసి చూశాను. అడుగు పట్టలేదు. మూత పెట్టి, మళ్ళీ తీశాను.

"అస్తమానం మూత తీస్తే ఉడికేదెట్లా అమ్మాయ్?" అంది అత్తయ్య పాక దగ్గర్నుంచి.

ముందుగదిలోకి వచ్చి చీటీ బల్ల మీద పెట్టాను.

"సున్నం వేసిన రోజున ఊడినట్టుంది. చీటీ లేదని నేనే కింద తగిలించాను. మిమ్మల్ని అడగాల్సింది."

ఆయన చీటీ తీసుకుని, తేదీ చదివి, పుల్లల పక్కన పెట్టాడు. ఒక పుల్ల వంపు వేలితో రెండుసార్లు చూసుకున్నాడు.

"కింద ఒకటే ఉండాలని నాకు తెలుసు," అన్నాడు. "బూడిదరంగుది ఒకటే దించాను ఈ ఏడు. రెండోది ఎక్కడ దొరుకుతుందా అని వారం రోజులు చూశాను. చూస్తే కింది మేకులకి రెండు వేలాడుతున్నాయి. రెండే కదా కావాలి. నేనే మర్చిపోయుంటాననుకున్నాను. అలా అనుకోవడం తేలిగ్గా ఉంది."

"అయినా తగిలించింది నేను."

"విప్పింది నేను. ఆ పట్టకారు ఇటు ఇవ్వు."

సాయంత్రం దాకా ఇద్దరం కూర్చున్నాం. ఆయన పుల్లలకి కొత్త తీగ వేసి కర్రకి బిగించాడు. ఒక పుల్ల, నక్షత్రం కోసం సాగదీసినది, ఎంత వంచినా పాత వంపుకి రాలేదు. నేను ఎనిమిది గుడ్డ ముక్కలూ నానబెట్టి వెండికాగితాలు ఊడదీశాను. కాగితాలు వచ్చాయి, కానీ మైదా అంటుకున్న చోట గుడ్డ తెల్లబారింది. రుద్దాను, మళ్ళీ నానబెట్టాను. ఆరాక చూస్తే మచ్చలు అలాగే ఉన్నాయి. పాత గుడ్డని అంతకన్నా రుద్దితే చిరుగుతుంది. ఆయన ముక్కలు జతచేసి ఇచ్చాడు, నేను కుట్టాను.

ఆకాశం పోయిన పాకకి అత్తయ్య ఏం పెట్టిందో చీకటిపడే వేళకిగానీ చూడలేదు. పండక్కని నేను కొనుక్కున్న నీలం శాలువా.

"అత్తయ్యా, అది ఇంకా కప్పుకోలేదు!"

"కప్పుకుందువుగానిలే. ముందు వాళ్ళని కప్పుకోనీ," అని ఇంకో సూది గుచ్చింది.

బూడిదరంగు గొడుగు పుల్లలు ఎనిమిది మిగిలాయి. వాటితో నాలుగు మూలలే వచ్చాయి. పాటలు పాడేవాళ్ళు వచ్చేసరికి ఆయన దానికి కాగితం అంటించి చూరుకి కట్టాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి తల ఒక పక్కకి వాల్చి చూసింది.

"పొద్దుటిదాకా సాలెపురుగు. ఇప్పుడు గాలిపటం."

"దారం పట్టుకో మరి," అన్నాడు ఆయన. ఆ రోజంతటిలో ఆయన వేసిన జోకు అదొక్కటే.

మర్నాడు చర్చి నుంచి మేం వచ్చేసరికి ఆమె గుమ్మం ముందే ఉంది. అత్తయ్య కేకు ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన గొడుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు, చేతికివ్వలేదు.

"అమ్మా, ఒక సంగతి చెప్పాలి. నీ గొడుగుని విప్పేశాను. నా పొరపాటు—"

"ఆయన ఒక్కరిదే కాదు," అన్నాను. చీటీ సంగతి, కింది వరస సంగతి, నక్షత్రం, ఆకాశం, ఉన్నదంతా చెప్పాను. చెబుతుంటే ఆమె కేకు తినడం ఆపేసింది. ముక్కని బల్ల అంచున పెట్టి, చేతులు తుడుచుకుని, ముందు పిడి చూసింది. గాట్ల మీద బొటనవేలు పెట్టింది. తర్వాత గొడుగు తెరిచింది.

వెలుతురుకి మచ్చలన్నీ కనబడ్డాయి. గది చిన్నది. గొడుగు గదిలో సగం పట్టింది.

"నిన్న ఉంది అన్నారు కదండీ," అంది, గొడుగు కింద నుంచే.

"అన్నానమ్మా. ఉంది. అప్పుడది గొడుగు రూపంలో లేదు."

కోపం వచ్చిందేమో మాకు తెలియలేదు. వచ్చి ఉంటే అది న్యాయమే.

"ఈ మచ్చలు పోతాయా?"

"రెండు ఉతుకులకి పోతాయి," అంది అత్తయ్య.

"పోవమ్మా," అన్నాను నేను. "నిన్న చూశాను. వాటంతటవే తగ్గాలి."

"వానలో తిరిగితే తగ్గుతాయి," అన్నాడు ఆయన. "ఒక పుల్ల కూడా సరిగ్గా రాలేదు. ఎడమ చేతివైపుది. వచ్చే సెలవులకి తీసుకురా, కొత్తది వేస్తాను. ఆ గుడ్డ కూడా నీకు నచ్చకపోతే కొత్తది వేస్తాను."

"గుడ్డ వద్దండీ. ఇదే ఉండాలి." ఎడమ వైపు పుల్ల మీద వేలు పెట్టి, "పుల్ల మాత్రం వేయించుకుంటాను," అంది.

గొడుగు మూసి, సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. కేకు ముక్క మర్చిపోయిందని అత్తయ్య కాగితంలో చుట్టి వెనకాల పరిగెత్తింది. ఇద్దరూ వీధి మధ్యలో ఏదో మాట్లాడుకున్నారు. బయట ఎండ కాస్తోంది. ఆమె గొడుగు తెరిచి, తల మీద సరిచూసుకుని, బస్టాండు వైపు నడిచింది.

ఆయన గుమ్మంలో నిలబడి ఆమె కనబడినంతసేపూ చూశాడు.

"లాగుతోంది," అన్నాడు. "చూశావా? ఎడమ వైపుకి లాగుతోంది."

నాకు అలా ఏమీ కనబడలేదు. అవునన్నాను.